నమ్మకమైన పాఠకురాలు

పన్ను పీకించుకోవడానికి నోరు తెరిచిన ఇంజనీరు మళ్ళీ మూయలేదు. మాస్కు వెనకాల ఉన్నది డాక్టరు కాదు. అసలు డాక్టరు నోట్లో గుడ్డలతో పక్కగదిలో దొరికాడు. హంతకుడు చేతులు కడుక్కుని, రిసెప్షన్‌లో అమ్మాయికి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు.

"వాళ్ళకెలా తెలిసిందనుకున్నావ్?" చీఫ్ బల్ల మీద ఒక ప్రింటౌట్ తోశాడు.

ఇంజనీరు భార్య బ్లాగు అది. 'రేపు పదకొండింటికి మావారి పన్ను పీకుడు. రాకెట్లు ఎగరేసే మనిషికి సూదంటే గజగజ!' కింద నలభై నవ్వుల బొమ్మలు.

ఏజెంట్ చదివి ఊరుకున్నాడు. మాట పొదుపు మనిషి. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని ముంగి అంటారు.

"ఆ రాకెట్ డిజైన్ తెలిసినవాడు ఇంకొక్కడే మిగిలాడు. అక్కగారింట్లో ఉంటున్నాడు. మన ఖర్మ కాలి ఆవిడా బ్లాగరే."

"అతన్ని దాచేస్తే?"

"గ్యాంగ్ ఎగిరిపోతుంది. ఏడాది తర్వాత ఇంకో శవం లేస్తుంది. ఎర వెయ్యి. గ్యాంగ్‌లో మనకో మనిషుంది. ఆ బ్లాగులో మల్లెతీగ పేరుతో కామెంట్లు పెడుతుంది. అందగత్తె. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎర వాళ్ళ నోటికి ఆమే అందిస్తుంది. ఆ సంగతి అక్కగారికి చెప్పకు. టాప్ సీక్రెట్."

ముంగి రెండు రోజులు కూర్చుని అక్క బ్లాగంతా చదివాడు. పదకొండేళ్ళ రాతలు. మాడిన గిన్నెలు, కారే కుళాయి, తమ్ముడి గురక. ఇంట్లో ఏ గది ఎటుందో, ఏ తలుపు గడియ సరిగ్గా పడదో చూడకుండానే తెలిసిపోయింది.

మూడోరోజు వాటర్ ఫిల్టర్ మెకానిక్‌గా వెళ్ళి, లోపలికెళ్ళాక ఐడీ కార్డు చూపించాడు. విషయం విని అక్క కుర్చీలో కూలబడింది.

"నా చేతులతో నేనే వాడి గొయ్యి తవ్వానా నాయనా?"

"ఇప్పుడు పూడ్చే పని చూద్దాం" అంటూ తను రాసి తెచ్చిన పోస్టు ఇచ్చాడు.

అక్క కళ్ళు తుడుచుకుని చదివింది. అంత ఏడుపులోనూ మొహం చిట్లించింది. "ఇదేం రాత బాబూ, పంచనామాలాగా! 'సాయంత్రం నాలుగు గంటలకు తమ్ముడు కళ్లజోడు నిమిత్తం దుకాణమునకు వెళ్ళును' అంటే ఎవడు నమ్ముతాడు? మంచి బ్లాగంటే పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడినట్టుండాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇంతదాకా తెచ్చారు."

ఆ మాటకి అక్క మొహం పాలిపోయింది. అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు ముంగి. ఆవిడ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని టకటకా రాసింది. తమ్ముడు కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టాడట. నాలుగింటికి మెయిన్ రోడ్డు షాపులో కొత్తది ఇస్తారట. దారి కనపడక ఏ గుంటలో పడతాడో అని తిట్లు. అచ్చం నిజంలా ఉంది.

"పదకొండేళ్ళలో మొదటి అబద్ధం" అంది పోస్ట్ నొక్కి.

"తలుపు తీయొద్దు. కామెంట్లకి జవాబివ్వొద్దు."

"ఒట్టు."

నాలుగింటికి ముంగి తెల్లకోటు వేసుకుని కళ్లజోళ్ళ షాపులో కౌంటర్ వెనక నిలబడ్డాడు. చెవి మిషన్‌లో వైర్‌లెస్, డ్రాయర్‌లో పిస్టల్. నాలుగుంపావు. ఒక్క పురుగూ రాలేదు. అనుమానం వచ్చి ఫోన్‌లో బ్లాగు తెరిచాడు.

ఎవరో పాఠకుడు అడిగాడు. 'అక్కా, పోయిన్నెల్లోనే తమ్ముడు లెన్సులకి మారాడని రాశారుగా? మాకూ కట్టుకథలు చెబుతున్నారా?'

చదివిన పోస్టుల్లో ఆ ఒక్కటీ ముంగికి తట్టలేదు. కింద అక్క జవాబు ఉంది. పదకొండేళ్ళుగా ఒక్క కామెంటునీ వదలని చెయ్యి, అబద్ధాలకోరు అంటే ఊరుకుంటుందా? 'నా బ్లాగులో కట్టుకథలుండవు నాయనా! విరిగింది నా కళ్లజోడే, తొందర్లో తప్పు రాశాను. వాడు వెనక గదిలో హాయిగా గురక పెడుతున్నాడు.'

జవాబిచ్చి పదకొండు నిమిషాలైంది.

"అద్దం పగిలింది! ఇంటికి రండి!" ఎర చెడిందని వైర్‌లెస్‌లో టీంకి కోడ్ అరుస్తూ ముంగి పరుగు తీశాడు. రెండు వీధులు. తెల్లకోటు కాళ్ళకి చుట్టుకుంటోంది.

ఈలోపు అక్క ఇంటి బెల్ మోగింది. తలుపు కన్నంలోంచి చూస్తే నల్లకళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో పూలగుత్తి. సినిమాతార లాంటి మనిషి.

"అక్కా, నేను మల్లెతీగని! ఈ దారిన పోతూ చూసిపోదామని."

మూడేళ్ళుగా రోజూ పలకరించిన మనిషి. ఒట్టు గుర్తొచ్చేలోపే గడియ తీసేసింది అక్క.

ముంగి గుమ్మంలోకి వచ్చేసరికి పూలు నేల మీదున్నాయి. మల్లెతీగ చేతిలో సైలెన్సర్ పిస్టల్. వెనక గది తలుపుకి అడ్డంగా, రెండు చేతులూ చాపి అక్క.

"జరగండక్కా. మీ మీద నాకే కోపమూ లేదు."

"నీ కామెంటు కోసమే పొద్దున్నే కంప్యూటర్ తెరిచేదాన్నే! అదంతా నాటకమేనా?"

"కొన్ని నాటకం. కొన్ని కాదు." ఒక్క క్షణం మల్లెతీగ చెయ్యి కిందికి దిగింది, మళ్ళీ లేచింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

ముంగి కాల్చాడు.

గుండు చప్పుడుకి వెనక గదిలో గురక ఆగింది. వీధి చివర కారులో కాచుకున్న ఇద్దర్నీ టీం పట్టుకుంది. తమ్ముడు బతికాడు, గ్యాంగ్ చిక్కింది. అక్క మాత్రం మల్లెతీగ తల ఒళ్ళో పెట్టుకుని, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. ముంగి పిస్టల్ లోపల పెట్టుకుని, చెదిరిన పూలు ఏరాడు. నిజం ముందే చెప్పి ఉంటే ఆవిడ ఆ తలుపు తీసేది కాదు.

ఆ సాయంత్రమే అక్క బ్లాగు మూసేసింది.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "ఆవిడ మళ్ళీ రాస్తుందా?"

"సెక్యూరిటీ రిపోర్టు కోసమా సార్?"

"కాదయ్యా, మా ఆవిడ పోరుతోంది. రోజూ చదివేదట. కామెంట్లు కూడా పెట్టేదట."

ముంగి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఏమని పెట్టేవారు సార్?"

"ఏమేవ్, నా డ్యూటీ సంగతులేమైనా రాశావా అందులో?" అని చీఫ్ ఇంట్లోకి కేకేయడం వినిపించింది.