గౌరి నాకిన దూడ

దెయ్యాలను ఉత్త చేతులతో పట్టి గంపకింద మూసేయగల మొనగాడు పుంగనూరు మొత్తానికీ సిద్ధార్థ ఒక్కడే. ఈ మాట ఎవరన్నారంటే, సిద్ధార్థే అన్నాడు. అంటుండగానే మీద బల్లి పడింది. వాడు పెట్టిన కేకకు పక్కింటి కమలాక్షి చేతిలో చేటతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఈ వీరుడి ఇంట్లో గౌరి అని ఒక ఆవు. పొట్టి పుంగనూరు ఆవు, వాడి నడుముకు కూడా రాదు. ఈనిన కొన్నాళ్లకే దూడ చచ్చిపోయింది. దూడ కనబడక గౌరి పాలు చేపలేదు, మేత ముట్టలేదు. ఒకటే అరుపు. వెనుకటివాళ్లు ఇలాంటప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఆవు ముందర నిలబెట్టేవారు. సిద్ధార్థ తల్లి ప్రమీలకు దానికి మనసొప్పలేదు.

"తోలుబొమ్మను నాకించి పాలు పిండుకుంటే నాకు ముద్ద దిగదప్పా. ఊరుకుంటే ఇది దక్కేట్టు లేదు."

"నేనుండాను కదమ్మా!"

వాడి ఫోన్‌లో దూడను పెంచే ఆట ఒకటుంది. తెర మీద గంగడోలు నిమిరితే దూడ కళ్లు మూసుకుంటుంది, వేలికేసి తల రుద్దుతుంది, పైన ఎర్రటి గుండెలు నిండుతాయి. ఎంత ముద్దు చేస్తే అంత దగ్గరవుతుంది. దానికి చచ్చిన దూడ తెల్లరంగే వేశాడు. తాను ఎప్పుడో వీడియో తీసిన దాని అరుపు ఎక్కించాడు. ఫోన్‌ను చచ్చిన దూడ మెడతాడుతోనే గుంజకు వేలాడదీశాడు.

"గౌరమ్మా, నీ బిడ్డ వీడియో కాల్ చేస్తాండాది. మాట్లాడు."

గౌరి వాసన చూసింది. నాకింది. నాలుక తగిలిన చోటల్లా గుండెలే. పొదుగు నిండి పాలు చేపింది. ప్రమీల కళ్లొత్తుకుంది, సిద్ధార్థ కాలరెగరేశాడు.

ఆ తర్వాత గౌరి చిక్కిపోసాగింది. మేత తింటూనే ఉంది, డొక్కలు తేలుతున్నాయి. చెంబు తీసుకుని పోతే పొదుగు ఖాళీ. తెర మీద దూడ మాత్రం నిగనిగలాడుతోంది.

"పాలు యాడికి పోతాండాయిరా? నువ్వు గాని తాగేస్తాండావా?" అంది ప్రమీల.

మదనపల్లె నుంచి వచ్చిన పశువుల డాక్టరు రోగమేమీ లేదన్నాడు. ఇట్లే ఉంటే మాత్రం బతకదన్నాడు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. ప్రమీల కుప్పంలో చెల్లెలింటికి పోయింది. కరెంటు లేదు. చార్జింగ్ అయిపోయి ఆరిపోయిన ఫోన్ జేబులో వేసుకుని, టార్చిలైటుతో సిద్ధార్థ కొట్టంలోకి పోయాడు. తడి పేడ వాసన. దాని కింద ఇంకో వాసన... జున్నుపాల వాసన.

చప్... చప్... చప్.

గౌరి కాళ్లు ఎడం చేసి నిలబడి ఉంది. వట్టి గాలిని నాకుతోంది. నాలుక గాలిలో ఒకచోట ఆగుతోంది, దేనికో తగిలినట్టు. చన్ను కిందికి సాగుతోంది. నేల మీద నురగ పడుతోంది.

"గౌరీ..." అన్నాడు. "దేన్ని నాకుతాండావు... ఆడ ఎవరుండారు?"

చప్పుడు ఆగింది.

గడ్డిలో చిన్న గిట్టలు వాడివైపు తిరిగాయి. ఒక్కో అడుగూ... దగ్గరగా...

జేబులో ఫోన్ వెలిగింది. తీసి చూస్తే తెర మీద గుంజ ఉంది. తాడు ఉంది. దూడ లేదు. గుండెలన్నీ నిండి ఉన్నాయి.

గౌరి ముందుకాళ్లు మడతపడి కూలింది. నాలుక బయటికి వచ్చేసింది. సిద్ధార్థ ఫోన్‌లోంచి ఆటను తీసేయబోయాడు. తెర అడిగింది: 'మీరు వదిలేస్తే దూడ ఎవరి దగ్గర ఉండాలి?' పేరు రాయకపోతే ముందుకు పోనివ్వలేదు. కమలాక్షి అని రాద్దామని 'క' కొట్టాడు. తుడిచేశాడు. వెచ్చటి ఊపిరి మోకాలికి తగిలింది...

తన పేరు రాశాడు.

తెర ఆరిపోయింది. కాసేపటికి గౌరి తల ఎత్తి గడ్డి అందుకుంది.

ఇప్పుడు గౌరి గుండ్రాయిలా ఉంది. కొడుకు తెలివి గురించి ప్రమీల వీధంతా చెప్పుకుంటోంది. కొడుకేమో గోడకు వీపు ఆనించి గాని పడుకోవడం లేదు. బట్టలు కూడా తానే ఉతుక్కుంటున్నాడు.

"ఏందిరా, కొత్తగా సొక్కాలు దాస్తాండావు? ఏం జరిగిందో సెప్పు," అని తల్లి నిలదీసింది.

సిద్ధార్థ తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లేసేతలికి రొమ్ముకాడ సొక్కా తడిసి ఉంటాదమ్మా. నురగ... తెల్ల ఎంట్రుకలు..."

"అయితే?"

"నిన్నటి నుంచి..." గుసగుసగా అన్నాడు. "నాకు పాలు పడినాయమ్మా."