రెండో చరణానికి ముందు నవ్వు

రేడియోలో ఆ అమ్మాయి గొంతు వినబడితే చాలు, మా అమ్మమ్మ పొయ్యి మీద కూరైనా దించేసి వచ్చి కూర్చునేది. పాత పాటలు ఎలా పుట్టాయో ప్రతి ఆదివారం పొద్దున్న చెప్పే కార్యక్రమం అది. అలాంటి అమ్మమ్మ ఆ ఆదివారం మధ్యలోనే రేడియో కట్టేసి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

కారణం ఒక నవ్వు. పెళ్లికి ముందు అమ్మమ్మ సినిమాకి పాడిన ఒకే ఒక్క పాటలో, రెండో చరణానికి ముందు చిన్నగా నవ్వుతుంది. పాటకన్నా ఆ నవ్వుకే ఎక్కువ పేరొచ్చింది. ఇప్పటికీ పోటీల్లో పిల్లలు దాన్ని పట్టుకోలేక నానా తంటాలూ పడతారు. దాన్ని గాయనికి సంగీత దర్శకుడే దగ్గరుండి నేర్పించాడని రేడియో అమ్మాయి చెప్పింది.

"నాకెవరూ నేర్పలేదురా. మీ తాతయ్య తెప్పించిన నవ్వది. పోయిన మనిషి, వచ్చి చెప్పుకోలేడుగా," అంది అమ్మమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఇంటి ముందుగదిలో తాతయ్య పెట్టిన ఫిడేళ్ల రిపేరు కొట్టు ఇప్పుడు నాదే. చేతులకి జిగురైనా కడుక్కోకుండా రేడియో స్టేషనుకి వెళ్లి ఆ అమ్మాయిని నిలదీశాను.

ఆమె బెదరలేదు. పాత పత్రికలో చదివే చెప్పానంది. మీ దగ్గర రుజువేమిటని ఎదురడిగింది. రుజువు మా ఇంట్లో అలిగి పడుకుందన్నాను.

"అయితే పదండి," అని బ్యాగు తగిలించుకుంది.

దెబ్బలాడటానికి వెళ్లినవాణ్ణి, తిరిగొచ్చేటప్పుడు వానలో ఆమెకి గొడుగు పట్టాను. గొడుగు నాదే, తడిసిందీ నేనే.

అమ్మమ్మ మొదట ముక్తసరిగా మాట్లాడింది, తర్వాత తనే కథంతా చెప్పుకొచ్చింది. ఆ రోజుల్లో గొంతూ వాయిద్యాలూ ఒకేసారి, ఒక్క ఊపులో రికార్డు చెయ్యాలట. ఎక్కడ తప్పు పడినా పాట ఎక్కించే ప్లేటు మొత్తం దండగే. అన్నీ పాడై, ఆఖరి ప్లేటు మిగిలింది. మొదటి చరణం అయ్యాక అమ్మమ్మ తలెత్తి చూస్తే, కొత్తగా వచ్చిన ఫిడేలు కుర్రాడి ఒక కాలికి నల్ల బూటు, ఇంకో కాలికి గోధుమరంగు బూటు. నవ్వు ఆగలేదు. సంగీత దర్శకుడి మొహం పాలిపోయింది కానీ వాయించేవాళ్లు ఆపలేదు, ఈవిడా రెండో చరణం అందుకుంది. తీరా విన్నాక, ఆ నవ్వు అలాగే ఉండనీమన్నాడు దర్శకుడు. ఫిడేలు కుర్రాడు మాత్రం సారీ చెప్పడానికి గేటు దగ్గర కాచుకుని నిలబడ్డాడు.

అంతవరకు చెప్పి అమ్మమ్మ నవ్వింది. అచ్చం రికార్డులో నవ్వే, కాస్త అరిగింది అంతే.

రేడియో అమ్మాయి కళ్లు తడయ్యాయి. "తప్పు నాదండీ. వచ్చే ఆదివారం నేనే ఒప్పుకుంటాను. మీరూ రావాలి," అంది. పైవాళ్లు చీవాట్లు పెట్టరా అని నేను గుమ్మం దగ్గర అడిగితే, పెట్టనివ్వండి అంది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

ఆదివారం నేను స్టూడియో అద్దం వెనక నిలబడ్డాను. ఆమె చెప్పినట్టే పొరపాటు ఒప్పుకుని, మైకు అమ్మమ్మ వైపు జరిపింది. అమ్మమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఏమండీ," అని తాతయ్యతోనే మాట్లాడింది అమ్మమ్మ. "ఆ రోజు మీరు సారీ చెప్పారు. నేను థాంక్స్ చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. తర్వాత సంసారంలో పడి మర్చేపోయాను. మీ బూట్ల పుణ్యమా అని బతుకంతా నవ్వుతూనే గడిచింది. ఇప్పుడు చెప్తున్నాను, థాంక్సండీ."

అద్దం ఇవతల నేను ఏడ్చేశాను. ఆ అమ్మాయికి ఎంతో చెప్పాలనుకున్నాను. తీరా ఆమె బయటికొచ్చాక, గొడుగు కావాలా అని అడిగాను. ఎండ మాడ్చేస్తోంది. మీ తాతయ్యే నయమని దారంతా సణిగింది అమ్మమ్మ.

కొన్నాళ్లకి రేడియో అమ్మాయి ఆ కార్యక్రమం రికార్డింగు అమ్మమ్మకి ఇవ్వడానికి కొట్టుకొచ్చింది. నేను మళ్లీ తడబడి జిగురు గురించి ఏదో వాగాను. ఆమె మొహం చూడలేక తల దించుకుంటే, ఆమె పాదాలు కనబడ్డాయి. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఇంకో కాలికి నల్ల చెప్పు.

పగలబడి నవ్వాను. "తొందరలో బయల్దేరారా?"

"లేదు. చాలాసేపు ఆలోచించుకునే వేసుకున్నాను," అంది. ఆమె నవ్వడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

నా నవ్వు ఠక్కున ఆగింది. లోపలి గదిలోంచి అమ్మమ్మ గొంతు వినబడింది.

"ఒరేయ్, ఇప్పుడే థాంక్స్ చెప్పెయ్యరా. నాలా ఆలస్యం చెయ్యకు."

చెప్పాను.