అక్క మార్చుకోని నాణేలు

సాయంత్రం ఏడింటికల్లా చిన్నది పెట్టెను మూడోసారి తూకం వేసింది. కిలో ఎక్కువే చూపిస్తోంది. మర్నాడే జపాన్ ప్రయాణం, చదువుకోవడానికి. స్వెట్టర్లు తీస్తే చలి, పుస్తకాలు తీస్తే చదువు సాగదు. ఏం తీయాలో తోచక నెత్తిన చేయి పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే అక్క కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచొచ్చి, ఓ రేకు డబ్బా బట్టల మధ్య దూర్చింది. లోపల నాణేలు గలగలమన్నాయి.

"ఇప్పుడీ చిల్లర కూడానా? అరకిలో ఉంటుందక్కా."

"ఉండనీ. అక్కడ పనికొస్తాయి."

"వీటితో ఏమొస్తుంది, చాక్లెట్టా?"

అక్కకు మాటలు తక్కువ, పంతం ఎక్కువ. చిన్నది తీసిన కొద్దీ డబ్బా మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. నాలుగోసారికి చిన్నది నోరు జారింది.

"అక్కడ రెండేళ్ల చదువు ఏడాదికే వదిలేసి వచ్చినదానివి. నువ్వు నాకు చెప్పకు."

అక్క ముఖం పాలిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. అక్క నేలమీద చతికిలబడి డబ్బా బోర్లించింది.

"ఇవన్నీ అయిదువందల యెన్ల నాణేలు. మన చిల్లరలా చూడకు, రెండిస్తే కడుపునిండా భోజనం వస్తుంది. లెక్కపెట్టి జపానీలో చెప్పు."

చిన్నది ముఖం మాడ్చుకునే లెక్కపెట్టింది. ఎనభై నాలుగు. అంటే నలభై రెండు వేల యెన్లు. వెయ్యిని సెన్ అంటారని తెలుసు కాబట్టి, "నలభై రెండు సెన్," అంది.

"అలా అంటే నవ్వుతారు. మనకి లక్ష దాకా వేలే. వాళ్లకి పదివేలకే వేరే పేరుంది, మన్ అని. ఇది నాలుగు మన్, రెండు సెన్. గది అద్దె నాలుగు మన్ అంటే నాలుగు వేలనుకునేవు. నేనలాగే అనుకుని బోర్లాపడ్డా."

"మరి వచ్చేటప్పుడే మార్చుకోలేదేం?"

"మార్చేవాళ్లు నోట్లే తీసుకుంటారు. నాణేలు అక్కడే చెల్లుతాయి. అయినా తిరిగెళ్లాక మొదటి నెల అద్దెకని దాచుకున్నాలే."

చిన్నది తలెత్తి చూసింది. అప్పట్లో అమ్మ జబ్బు పడటం తనకు గుర్తుంది. అక్క మాత్రం పరీక్ష తప్పి వచ్చేసిందనే ఇన్నాళ్లూ వింది.

"అమ్మా, అక్క పరీక్ష తప్పలేదా?"

"అది తప్పడమేమిటే," అంది అమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "నేను మంచాన పడితే, పదేళ్లదానివి, నీకు జడ వేసే దిక్కు కూడా లేదని వచ్చింది. నీ కోసమని తెలిస్తే బాధపడతావని అలా చెప్పమంది. ఆరు నెలలేగా అనుకున్నాం. ఎనిమిదేళ్లయింది."

 చిన్నది రెండు స్వెట్టర్లు తీసి పక్కన పడేసి, నాణేలన్నీ డబ్బాలోకెత్తి పెట్టెలో సర్దింది. ఒక్కటి మాత్రం అక్క చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో అక్కా. నువ్వొచ్చినప్పుడు ఇద్దరం ఖర్చుపెడదాం."

అక్క దాన్ని కాసేపు చూసింది. తర్వాత చెల్లెలి గుప్పిట్లోనే పెట్టి వేళ్లు మూసింది.

"వద్దే. ఒక్కటున్నా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. అన్నీ పట్టుకుపో."

చిన్నది అక్క ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క ఊరుకోమనలేదు. చదువు వదిలొచ్చిన ఎనిమిదేళ్లకి, ఆమెకూ ఆ రోజే ఏడుపొచ్చింది.