సున్నం ఆరని తలుపు

"ఈ ప్రహరీ లోపల ఒక్క రాయి కూడా కదలదు. ఇది నా మాట."

వారసత్వ కట్టడాల కమిటీ అధ్యక్షుడు భీమశంకరరావు గారు మైకులో అన్న మాట ఇది. వేసవిలో, వన్ టౌన్‌లో, ఎండుమిరప గోదాముల వెనక సందులో నిలబడి అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. వానలు మొదలయ్యేసరికి అదే ప్రహరీ మీద, ఈ స్థలం లారీల పార్కింగుకి ఇచ్చేశామని ఆయన కమిటీయే నోటీసు అంటించింది.

ఆ ప్రహరీ లోపల ఉన్నది చిన్న శ్మశానం. ఒక ఇంటి పెరడంత ఉంటుంది. అక్కడ పడుకున్నవాళ్ళు హ్యూగనాట్లు. ఫ్రాన్సులో రాజుగారి మతం ఒప్పుకోని క్రైస్తవులు. నేతపనివాళ్ళు ఎక్కువ. "మీ ప్రార్థనలు మీరు చేసుకోండి, ఈ మాట శాశ్వతం, తిరుగులేనిది" అని ఒక రాజు ముద్ర వేసి ఇచ్చాడు. ఆయన మనవడు దాన్ని రద్దు చేశాడు. వాళ్ళ ప్రార్థనాలయాలు కూలిపోయాయి, వాళ్ళు దేశం వదిలి పారిపోయారు. వాళ్ళ పిల్లల్లో కొందరు ఇంగ్లీషువాళ్ళ ఓడలెక్కి, గుడ్డల వ్యాపారానికి మన రేవుకొచ్చి, ఇక్కడే మట్టిలో కలిశారు. మధ్యలో ఉన్న పెద్ద రాయి మీద పేరు లేదు. చావు తేదీ లేదు. ఒక్కటే చెక్కారు: 1685, అక్టోబరు 22. మాట తప్పిన రోజు.

వాళ్ళు నాకు పరాయివాళ్ళలా అనిపించలేదు. మా ఊరిని ఫ్యాక్టరీకి తీసుకున్నప్పుడు మా తాతతోనూ "మీ శ్మశానం జోలికి రాం" అన్నారట. ఇప్పుడు మా ముత్తాత మీద గూడ్సు బళ్ళు నడుస్తున్నాయి.

శ్మశానం గేటు తాళంచెవి మా బావ దగ్గరుంది. దేవీప్రసాద్, మా అక్క రోజారమణి భర్త, రాళ్ళు పీకించే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మేం వెళ్ళిన మర్నాడు పొద్దున్నే రాళ్ళు పెకలించే పొక్లెయిన్ రావాలి. ఈలోగా తీయాల్సిన రాళ్ళ మీద తడిసున్నంతో ఇంటూ గుర్తులు పెట్టాలి. నేను ఫోటోలు తీసుకుంటానంటే బావ ఒప్పుకున్నాడు.

"నీ కెమెరా నువ్వు సూసుకో, నా పని నాను సూసుకుంటాను. ఉపన్యాసం మొదలెడితే గేటు బయటే వదిలేత్తాను."

దీపాలు పెట్టే వేళకి వెళ్ళాం. రేవులో తుపాను హెచ్చరిక జెండా ఎగరేశారు, కానీ ఆకు కదలడం లేదు. సందంతా మిరప ఘాటు, ఎండుచేపల వాసన. ఎక్కడ చెయ్యి ఆనించినా వేళ్ళకి నల్లటి బొగ్గుదుమ్ము. గేటు దాటగానే వెనక ఆటోల మోత పలచబడింది. లోపల గడ్డి మోకాలెత్తు. తడిసిన ఉన్నిబట్ట లాంటి వాసన ఒకటి నేలలోంచి వస్తోంది.

బావ బకెట్టులో చీపురుకట్ట ముంచి మొదటి రాయి మీద గీశాడు. సున్నం జారింది.

"దున్నేవాడిదే భూమి అంటారు బావా," అన్నాను. "అలాగైతే శ్మశానం అందులో పడుకున్నోళ్ళదే."

"సచ్చినోళ్ళకి యూనియన్ పెడతావేటి? సెందా ఎవుడు కడతాడు?"

"నవ్వుకో. రేపు మన ముత్తాతల మీద ఇంటూ పెట్టమన్నా పెడతావు."

"నాను మానేత్తే ఇంకోడొత్తాడు. అప్పుడు మీ అక్కకి నువ్వొండి పెడతావేటి?"

నా దగ్గర చాలా నినాదాలున్నాయి. అవన్నీ పక్కన పెట్టి కెమెరా తీశాను. పక్క రాళ్ళ మీద దుమ్ము తుడుచుకుంటూ ఫోటోలు తీశాను. బావ ఒక్కో రాయి మీదా గీసుకుంటూ గోడదాకా వెళ్ళి, చివరి గుర్తు పెట్టి నడుం నిటారుగా చేసుకున్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. సందులో దీపం, రేవు మీది వెలుగు, అన్నీ ఒకేసారి.

తక్... తక్... తక్...

"పడవ తాడు కొట్టుకుంటంది," అన్నాడు బావ.

"రేవు అటుంది బావా. ఇది కిందనుంచి వస్తంది."

పొందూరులో అమ్మమ్మ ఇంటి పక్క అరుగు మీద పడుకుని నేను నిద్రపోయింది ఈ చప్పుడుకే. నాడె ఇటు నుంచి అటు పోయేటప్పుడు వచ్చే చప్పుడు. మగ్గం. గడ్డి కింద, మా చెప్పుల కింద, ఎవరో నేస్తున్నారు...

బావ ఫోన్ టార్చి వేశాడు. మొదటి రాయి మీద గుర్తు లేదు. రెండో దాని మీదా లేదు. వరసంతా శుభ్రంగా, నల్లగా ఉంది.

"సున్నం... ఏదిరా?"

అటు తిరిగాడు. నేను చూశాను. చొక్కా వెనక, సొంత చెయ్యి అందని చోట, రెండు భుజాల మధ్య తెల్లటి ఇంటూ. ఇంకా కారుతోంది.

"బావా... నీ వీపు..."

తడుముకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. "నువ్వే రాసేవు," అన్నాడు.

"బకెట్టు నీ చేతిలోనే ఉంది."

"పోదాం పద. ఎనక్కి సూడకు."

గేటుదాకా వచ్చేశాం. నేను దాదాపు పరుగెడుతున్నాను. ఆ పరుగు మీద నాకు కోపం వచ్చింది. మాట తప్పినవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుంటే ఇక్కడ భయపడేది మేమా? వెనక్కి తిరిగాను.

"మిమ్మల్ని ఎవరూ కదపలేరు. మాట ఇస్తున్నాను," అన్నాను చీకటితో. "వెళ్ళొస్తాం."

చావింటి నుంచి గానీ శ్మశానం నుంచి గానీ వచ్చేటప్పుడు మా వాళ్ళెవరూ 'వెళ్ళొస్తాం' అనరు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. నాకు తెలుసు. మూఢనమ్మకమని తెలిసే, కావాలనే అన్నాను.

మగ్గం ఆగింది.

బావ నా నోరు మూశాడు. అరచేతి సున్నానికి పెదాలు మండాయి. ఆలస్యమైపోయింది.

"వెళ్ళొస్తాం..."

లోపల్నుంచి. నా గొంతే. ఆ తర్వాత ఒక ఆడగొంతు, పలకడం అప్పుడే నేర్చుకుంటున్నట్టు. ఆ తర్వాత ఒక ముసలి గొంతు. ఆ తర్వాత లెక్కలేనన్ని...

"...వస్తాం."

"...వస్తాం."

మర్నాడు బావ పనిలోకి పోలేదు. పొక్లెయిన్ కూడా రాలేదు. రాత్రంతా తాళం వేసి ఉన్న క్యాబిన్‌లో, డ్రైవరు సీటు మీద ఇంటూ ఉందట. బావ ఆ చొక్కా కాల్చేశాడు. ఆ సాయంత్రం వీపు రుద్దడానికి వెళ్ళిన మా అక్క, నీళ్ళగదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చింది. ఎంత రుద్దినా వీపు మీది ఇంటూ పోవడం లేదు.

భీమశంకరరావు గారూ, ఇక మీతోనే మాట్లాడతాను.

మద్దిలపాలెంలో మీ ఇంటికి సున్నం పూసింది నేనేనని పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు. మంచిదే. నేను పూస్తే మీ గేటుకి పూస్తాను సార్, పట్టపగలు, నలుగురినీ పిలిచి. మీరు పడుకునే గది తలుపుకి, లోపలి వైపు, గడియ వేసి ఉండగా ఎలా పూయగలను? రంగు వేయించారని విన్నాను. రంగులోంచి మళ్ళీ పైకొచ్చిందని కూడా విన్నాను.

నా గది తలుపు మీదా ఉంది. లోపలి వైపే. నేనూ మాట ఇచ్చాను కదా, నన్నెందుకు వదిలేస్తారు? అక్క తుడవబోతే వద్దన్నాను. భయం లేక కాదు. రాత్రుళ్ళు ఆ తలుపు వైపే తిరిగి పడుకుంటున్నాను. కానీ ఇచ్చిన మాటకి గుర్తుగా ఒక్క ఇంట్లోనైనా అది ఉండాలి.

నోటీసు ఇంకా ఆ ప్రహరీ మీదే వేలాడుతోంది. దాన్ని మీ చేత్తో చింపండి. ఒక్క రాయి కూడా కదలదని ఈసారి మైకులో కాదు, కాగితం మీద రాసి సంతకం పెట్టండి.

గడువు నేను పెట్టింది కాదు. నా తలుపు మీద ఆ ఇంటూ కింద ఎవరో వేలితో రాశారు. వారాలు గడిచినా ఆ సున్నం తడి ఆరలేదు. ముట్టుకుంటే ఈ పొద్దు కూడా వేలికి అంటింది.

అక్టోబరు 22.