పూల్ అడుగున ఎర్ర సున్నాలు

ఫ్లోరా వాళ్ళ నానమ్మతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎవరేం చెప్పినా ఊరికే నమ్మదు.

పాలు విరిగాయంటే ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూస్తుంది. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయటపెడుతుంది. ఆ చెయ్యి తడిస్తేనే వాన, లేకపోతే పుకారు. పెందుర్తిలో వాళ్ళ వీధి చివరే చేపలు దొరుకుతాయి. అయినా మిరియం నానమ్మ బస్సెక్కి జాలరిపేట దాకా వెళ్తుంది. అక్కడ చేప కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసి, మొప్పలెత్తి చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెడుతుంది. ఆ చూపుకి చేపలు కూడా ఇబ్బంది పడతాయేమోనని ఫ్లోరాకి అనుమానం.

ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో బతకడం ఐదో తరగతి పిల్లకి ఎంత కష్టమో ఎవరికీ పట్టదు. "హోంవర్క్ అయిపోయింది నానమ్మా" అంటే సరిపోదు. పుస్తకం తెచ్చి చూపించాలి.

ఆ శనివారం మధ్యాహ్నం నానమ్మ జాలరిపేటలో చేపల్ని పరీక్షిస్తూ ఉండగా, ఇంట్లో ఫ్లోరా ఒక ఘోరం కనిపెట్టింది.

"నాన్నా, పూల్ పాడైపోయింది. వచ్చి చూడు."

ఇంటి వెనక ఖాళీ స్థలంలో నాన్న సుందర్ రాజ్ ముచ్చటపడి ఈ పూల్ కట్టించాడు. రెండు ఆటోలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. చుట్టాలు దాన్ని తొట్టి అంటారు. నాన్న మాత్రం 'మా స్విమ్మింగ్ పూల్' అంటాడు, అదీ కాస్త గొంతు సవరించుకుని. రోజూ పోర్టులో పెద్ద పెద్ద ఓడల్ని చూసే మనిషి, ఇంటికొచ్చాక ఈ నీళ్ళని అంతకంటే గర్వంగా చూస్తాడు.

ఎండ నేరుగా నీళ్ళలోకి దిగింది. పూల్ అడుగున తెల్లటి పూత మీద, మెట్ల దగ్గర, ఎర్రటి మరకలు. నాన్న పొడుగు కర్ర బ్రష్‌తో రుద్దాడు. మరకలు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. నాన్నకి చెమట పట్టింది తప్ప మరకలకేమీ కాలేదు.

"ఎలా వచ్చేయి ఇవి?" అన్నాడు నాన్న.

ఆ ఎరుపుని ఫ్లోరా ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, నిన్ననే చూసింది.

"మెహందీ," అంది. "ఆస్రా వాళ్ళ ఖాలా, అదే పిన్ని, పెళ్ళికి విజయనగరం వెళ్ళొచ్చింది కదా. చేతులకీ కాళ్ళకీ నిండా మెహందీ. నిన్నంతా ఈ మెట్ల దగ్గరే నిలబడింది."

లెక్క చక్కగా కుదిరిపోయింది. రంగు కుదిరింది, చోటు కుదిరింది. తన తెలివికి ఫ్లోరాకే ముచ్చటేసింది. నాన్నకి కూడా కోప్పడ్డానికి ఏదో ఒకటి దొరికింది. ఆయన ఒక అట్టముక్క మీద మార్కరుతో 'మెహందీ పెట్టుకున్నవారు పూల్‌లో దిగరాదు' అని రాసి, పెరటి గేటుకి కట్టేశాడు.

ఆస్రా వాళ్ళది వెనక వీధే. ఫ్లోరాతోనే చదువుతుంది. ఈ సెలవుల్లోనే ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ పూల్ అంచు పట్టుకునే కాళ్ళాడించింది. "రేపు వదిలేస్తాను, చూడు," అని నిన్ననే మాటిచ్చింది.

ఎండ తగ్గాక ఆస్రా వచ్చింది, భుజం మీద తువ్వాలుతో. ఫ్లోరా మేడ మీద కిటికీలోంచి చూస్తోంది. ఆస్రా గేటు దగ్గర ఆగింది. బోర్డు చదివింది. ఒకసారి తన అరచేతుల్ని చూసుకుంది. తర్వాత ఆ చేతుల్ని తువ్వాలులో చుట్టేసుకుని, బెల్లు కొట్టకుండా, ఎవర్నీ పిలవకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

పిలుద్దామని ఫ్లోరా నోరు తెరిచింది. పిలవకుండానే మూసేసింది.

'బోర్డు కట్టింది నాన్న కదా, నేను కాదు కదా,' అనుకుంది. అనుకుంటే కాస్త బాగానే ఉంది. ఎక్కువసేపు మాత్రం బాగాలేదు.

కాసేపటికి నానమ్మ చేపల సంచితో వచ్చింది. గేటు దగ్గరే ఆగి బోర్డు చదివింది.

"ఏటిది సుందరూ?"

"మెహందీ మరకలమ్మా. మన గౌస్ గారి పాప ఆస్రా వల్ల."

"నువ్వు సూసేవా?"

"ఫ్లోరా చెప్పింది."

"నువ్వు సూసేవేటే పిల్లా?"

"మెహందీ చూసేను నానమ్మా. మరకలు కూడా చూసేను."

"మెహందీ మరకవడం సూసేవా?"

ఫ్లోరా నాన్న వైపు చూసింది. నాన్న చేపల సంచి వైపు చూశాడు.

రిటైరవక ముందు మిరియం నానమ్మ ఉక్కు కర్మాగారంలో, నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పని చేసింది. అక్కడ అమ్మ సంతకం లేనిదే నీళ్ళు కూడా నీళ్ళు కావని నాన్న అంటూ ఉంటాడు. ఆ నానమ్మ ఇప్పుడు చేపల సంచి నాన్న చేతిలో పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

"మనలో మనకెందుకు గొడవ. మరకనే అడుగుదాం," అంది.

ముందు నాన్న చేతులకి గ్లౌజులు వేసుకుని, ఒక పాత సాక్సులో కొంచెం క్లోరిన్ వేసి, దాన్ని ఒక మరక మీద పెట్టాడు. ఫ్లోరాని దూరంగా నిలబెట్టారు. క్లోరిన్ పిల్లలు ముట్టుకునే వస్తువు కాదు.

"ఆకు మరకైనా, పండు మరకైనా క్లోరిన్ తినీస్తాది," అంది నానమ్మ. "మెహందీ కూడా ఆకే కదేటి. సూద్దాం, తింటాదో లేదో."

కాసేపాగి సాక్సు తీసి చూశారు. మరక అలాగే ఉంది, కొంచెం కూడా చిన్నబుచ్చుకోకుండా.

ఆ సాక్సుని దూరంగా పెట్టించాక నానమ్మ ఫ్లోరాతో, "జలుబు చేసినప్పుడు చప్పరిస్తావే, విటమిన్ సి బిళ్ళలు, అవట్రా," అంది.

"ఒకటి తినొచ్చా?"

"అది తినడానిక్కాదు, సాక్ష్యానికి."

నానమ్మ రెండు మెట్లు దిగి, ఇంకో మరక మీద బిళ్ళ పెట్టి, మడమతో నొక్కి నిలబడింది. రెయిలింగు పట్టుకుని, రెండో కాలు కాస్త పైకెత్తి, కళ్ళు నీళ్ళ మీదే పెట్టి. కొంగ కూడా అంత ఓపిగ్గా నిలబడదు. పక్కింటివాళ్ళ మేడ మీంచి ఎవరో వింతగా చూశారు. నానమ్మ పట్టించుకోలేదు. ఒక ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా కదలకపోవడం ఆవిడకి అలవాటు.

కొంతసేపటికి మడమ తీసింది. ఎర్రటి మరక మీద, బిళ్ళ ఉన్నంత మేర, అడుగు తెల్లగా మెరిసింది.

నాన్న అంత సేపు రుద్దినా పోనిది. ఒక్క బిళ్ళకి, ఒక్క మడమకి పోయింది. ఫ్లోరా నోరు తెరుచుకుని చూసింది. నానమ్మ హోంవర్క్ పుస్తకం అడగడం కూడా ఆ క్షణంలో ఆమెకి గొప్పగానే అనిపించింది.

"ఇనుము," అంది నానమ్మ. "తుప్పు మరకిది. మెహందీ కాదు."

"అయితే బోరు నీళ్ళలో ఉండే ఇనుమేమో," అన్నాడు నాన్న.

"మన బోరులో ఇనుముంది, నిజమే. దాని సంగతీ సూద్దాం. కానీ నీళ్ళలోది అడుగంతా పరుచుకుంటాది. ఇవి సూడు, ఎంత గుండ్రంగా ఉన్నాయో. మజ్జిలో తెల్లగా, సుట్టూ ఎర్రగా, సున్నాల్లాగ. ఏ మనిషి పాదానికైనా మజ్జిలో సిల్లు ఉంటాదా?"

ఫ్లోరా ఆ సున్నాల్ని మళ్ళీ చూసింది.

వాషర్లు. నాన్న పనిముట్ల డబ్బాలో ఉండే పెద్ద ఇనుప వాషర్లు, మధ్యలో చిల్లుతో. ఆస్రా విజయనగరం వెళ్ళినప్పుడు తోచక, ఫ్లోరా వాటిని నీళ్ళలో విసిరి, మునిగి ఏరుకునే ఆట ఆడింది. ఆడి ఆడి విసుగొచ్చి అక్కడే వదిలేసింది. కొన్నాళ్ళకి గుర్తొచ్చి ఏరి డబ్బాలో పడేసింది. అప్పటికే అవి ఎర్రగా అయ్యాయి. కింద ఏముందో మాత్రం చూడలేదు.

"నానమ్మా," అంది మెల్లగా. "ఎవరు చేసేరో కూడా మరక చెప్తాదా?"

"సెప్పదు. ఏటన్నదే సెప్తాది. ఎవరన్నది మనుషులే సెప్పుకోవాల."

అలా అంటూ నానమ్మ ఫ్లోరా వైపు చూడలేదు. తడిసిన మడమ తుడుచుకుంటోంది. చూసి ఉంటే ఫ్లోరా అప్పుడే చెప్పేసేది. చూడకపోవడంతో చెప్పకుండా ఊరుకుంది.

మర్నాటి నుంచి పూల్‌కి వైద్యం మొదలైంది. క్లోరిన్ ఉంటే విటమిన్ సి ని మింగేస్తుందని నానమ్మ కొన్నాళ్ళు క్లోరిన్ ఆపించింది. అన్నాళ్ళూ ఎవరూ నీళ్ళలో దిగకూడదంది. నాన్న ద్వారకా నగర్ వెళ్ళి విటమిన్ సి పొడి తెచ్చాడు. దాన్ని మరకలున్న చోట చల్లితే, పాలలో పంచదార కరిగినట్టు సున్నాలన్నీ ఒక్కొక్కటే కరిగిపోయాయి.

"పోనాయి కదా, ఇంక అయిపోయినట్టే," అన్నాడు నాన్న.

"ఎక్కడికి పోనాయి? నీళ్ళలోకే పోనాయి," అంది నానమ్మ. "ఇప్పుడు క్లోరిన్ ఎక్కువగా వేసీసేవంటే మళ్ళీ అడుక్కి దిగిపోతాయి."

అందుకని ఇనుముని నీళ్ళలోనే పట్టి ఉంచే మందొకటి పోయించింది. మోటారు రోజంతా నడిపించింది. బోరు పైపుకి ఫిల్టరు పెట్టించింది. ఆ తర్వాతే క్లోరిన్, అదీ కొంచెం కొంచెంగా. ఇనుప వస్తువేదీ నీళ్ళలో మరిచిపోకూడదని అందరికీ కలిపి చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు.

ఫ్లోరా అడక్కుండానే అన్ని పనులూ చేసింది. గిన్నెలందించింది, పైపు పట్టుకుంది, ఆకులు ఏరింది. నాన్న మెచ్చుకుని, "ఈసారి మా అమ్మాయి ఎంత బుద్ధిగా ఉందో," అన్నాడు. ఆ మాటకి ఫ్లోరా ఇంకో నాలుగు ఆకులు ఏరింది, అక్కడ ఆకులు లేకపోయినా.

నీళ్ళు సిద్ధమయ్యాయని నానమ్మ ఒప్పుకున్న రోజున, నాన్న బోర్డు విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఎవరూ చూడకుండా చెత్తబుట్టలో వేశాడు. నానమ్మ చూసింది.

"ఆస్రాని పిలుచుకురా," అన్నాడు ఫ్లోరాతో. "మరకలు పోనాయని చెప్పు. అది చాలు."

నిజమే. మరకలు పోయాయి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. దారంతా ఫ్లోరా ఆ వాక్యాన్నే మననం చేసుకుంటూ వెళ్ళింది.

ఆస్రా వాళ్ళ పెరట్లో వాళ్ళమ్మ ఫాతిమా ఆంటీ దూరంగా తీగ మీద బట్టలు ఆరేస్తోంది. కుళాయి దగ్గర ఆస్రా కూర్చుని ఉంది. పక్కన పిండేసిన నిమ్మచెక్కలు. చేతిలో గిన్నెలు తోమే పీచు.

"మరకలు పోయాయి," అంది ఫ్లోరా. "ఈతకి రా."

ఆస్రా తలెత్తింది. "నాకింకా పోలేదు," అని రెండు చేతులూ చూపించింది. మెహందీ అలాగే ఉంది. దాని చుట్టూ చర్మం మాత్రం రుద్ది రుద్ది కందిపోయింది. "రోజూ తోమతన్నాను. ఇంకా కొన్నాళ్ళు పడతాదంట. పోయాక వస్తాను. లేకపోతే మీ పూల్ మళ్ళీ పాడైపోద్ది."

"మెహందీతోనే రా, పర్లేదు."

"వద్దులే. మీ నాన్నకి సారీ చెప్పు, ఫ్లోరా. నాకు తెలీక దిగీసేను."

ఫ్లోరా దగ్గర ఇంకో వాక్యం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒక్కటే, అది అయిపోయింది. ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోవచ్చు. పుస్తకం చూపించమని అడగడానికి ఇక్కడ నానమ్మ కూడా లేదు.

ఆమె కిందికి వంగి ఆస్రా చేతిలో పీచు లాక్కుంది.

"తోమకు," అంది. తర్వాత చాలా చిన్న గొంతుతో, ఒకదాని మీద ఒకటి పడిపోతున్న మాటలతో చెప్పింది. "అది మెహందీ కాదు. నాన్న డబ్బాలో వాషర్లు నీళ్ళలో వేసి వదిలీసేను, నువ్వు పెళ్ళికెళ్ళినప్పుడు. వాటి తుప్పు అది. నీ చేతులు చూసి నీ మీద చెప్పీసేను. నాదేనని తెలిసేక కూడా చెప్పలేదు."

ఆస్రా తన కందిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

తీగ దగ్గర్నుంచి ఫాతిమా ఆంటీ, "ఏటమ్మా అంటున్నావు? నాకు వినపడ్లేదు," అంది.

ఫ్లోరా చెవులు కాలిపోతున్నాయి. పక్కింటి ప్రహరీ అవతల కూడా ఎవరో ఉన్నట్టున్నారు. ఉంటే ఉండనీ అనుకుని, గుండె నిండా గాలి పీల్చుకుని, పెరడంతా వినపడేలా చెప్పింది.

"మా పూల్‌లో మరకలు ఆస్రా వల్ల కాదు ఆంటీ. నా వల్ల. తప్పు నాది."