థార్న్‌మియర్ వారి ఆడపిల్ల

రాయపురంలో హార్బరుకు పోయే దారిలో, వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు మీద ఒక పాత మేడ ఉంది. ఆ మేడ రెండో అంతస్తులో పడమటి మూలగదికి మంచి పేరు లేదు.

పగటిపూట ఏమీ లేదు. కింద కొట్లో జనరేటరు, రోడ్డు మీద చేపల వ్యాన్లు, ఐసుగడ్డలు పగలగొట్టే చప్పుడు... ఆ గోలలో దెయ్యమున్నా దానికి నోరు తెరిచే సందు దొరకదు. ఏడు దాటి కింద షట్టరు దించాక మాత్రం, ఆ గదిలో ఎవరో మాట్లాడతారని చెప్పుకుంటారు. గొంతు ఉండదు. ఉత్త ఊపిరే... మాటలై వస్తుందట.

ఆ గదిలో కూర్చుని పనిచేసే ఆనంద్‌రాజ్ అని ఒక డిజైనరు, చెప్పులు అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చి పడ్డాడు. మర్నాడు ఆ చెప్పుల కోసం కూడా రాలేదు. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చిన షాలిని. మూడు రోజులు జ్వరం. "నా పేరు అడిగింది" అన్న ఒక్క ముక్క తప్ప ఆమె నోట ఇంకో మాట రాలేదు. వాచ్‌మన్ వేలు ఆ గది గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. కట్టినవాడే, ఏడు దాటితే మొదటి అంతస్తు దాటి పైకి రాడు.

ఆ గదే కోకిలకు ఇచ్చారు.

ఇచ్చారనడం కూడా తప్పే, ఆమే అడిగి తీసుకుంది. అదొక చిన్న ఆఫీసు. విదేశాల్లో ఉండే తెల్లవాళ్ళకు వంశవృక్షాలు తయారుచేసి పంపడం వాళ్ళ పని. కోకిల చూసేది నాలుగైదు వందల ఏళ్ళ కిందటి కాగితాలు. ఆ కాలంవాళ్ళు చెవికి వినపడినట్టల్లా రాశారు గనక, బయటికి చదివితేనే మాట పట్టుబడుతుంది. ఆమె చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు తలనొప్పి. అందుకే మూలగది. రాయపురంలోనే పుట్టి పెరిగిన మనిషి, దెయ్యం కబుర్లు ఆమె చెవిన పడకపోలేదు. నవ్వి ఊరుకుంది.

ఆమెను పీడించే దెయ్యం వేరే ఉంది మరి. ఆ దెయ్యం పేరు థార్న్‌మియర్.

ఎనిమిదో హెన్రీ రోజుల్లో థార్న్‌మియర్ ప్రభువులంటే ఇంగ్లండులో పెద్ద కుటుంబం. కెనడాలో ఉండే ఒక పెద్దాయన, తాము ఆ ఇంటి ఆడపిల్ల సంతతి అనీ, మా నాయనమ్మ చెప్పిందనీ, అది నిరూపించి పంపమనీ అడిగాడు. శనివారం ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు. ఆ వంశవృక్షం పటం కట్టించి హాల్లో తగిలిస్తాడట.

పదకొండు వారాలైంది. ఆ ఇంట్లో ప్రతి పెద్దకొడుకూ థామసే. ప్రతి కోడలూ మార్గరెట్టే. వాళ్ళకు కొత్త సంవత్సరం మార్చి నెలాఖర్లో మొదలవుతుంది. దాంతో ఫిబ్రవరిలో చచ్చినవాడు ముందు ఏడాది చచ్చినట్టు, ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నట్టు లెక్క తేలుతుంది. కోకిల ఒక్కో కొమ్మా కట్టుకుంటూ వచ్చేది, ఒక మార్గరెట్ వచ్చి మొత్తం కూలదోసేది.

మంగళవారం సాయంత్రం. కింద షట్టరు పడింది. జనరేటరు ఆగింది.

ఆమె ఆ కుటుంబం జాబితా ఏడోసారో ఎనిమిదోసారో బయటికి చదువుతోంది. రాజుగారి మనుషులు ఊరూరా తిరిగి, ప్రభువుల ఇళ్ళలో కూర్చుని రాసుకున్న జాబితా అది.

"థామస్. రెండోవాడు జాన్. మూడోవాడూ జానే. ఆ జాన్ పోయినాడో, ఇద్దరికీ ఒకే పేరు పెట్టినారో ఆ దేవుడికే తెలియాల. నాలుగు, విలియమ్. ఆపైన..." ఆగింది. "ఒక కూతురు."

అంతే ఉంది. ఒక కూతురు.

"కూతురంట!" బల్ల మీద చేత్తో కొట్టింది. "గుర్రాలకు పేర్లు రాసినారు, వేటకుక్కలకు పేర్లు రాసినారు... కన్నకూతురి పేరు రాసేదానికి మాత్రం సిరా అయిపోయిందంటనా వీళ్ళకి!"

ఫ్యాను తిరుగుతోంది. గది నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు...

"ఆ పిల్ల... పేరేందమ్మా?"

కోకిల కదల్లేదు. ఫోనులో ఏదో వీడియో మోగిందనుకుంది. ఫోను చూసింది. చీకటిగా ఉంది. కంప్యూటరు శబ్దం ఎప్పుడో ఆపేసింది. తలుపు మూసే ఉంది.

"పేరు..." మళ్ళీ అదే. గొంతు లేదు. గాలి పీలుస్తూ, ఆగుతూ... ఆమె వీపు వెనకాల ఉన్న గోడలోంచి.

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. మొదటి అంతస్తు మలుపులో వేలు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా... విన్నియా?"

అతని తెలుగు అంతంత మాత్రం, సగం అరవమే. కోకిల తల ఊపింది.

"నేను సొన్నా, చెప్పినా గదా," అన్నాడు, పైకి చూడకుండా.

బుధవారం పొద్దున్నే గురుప్రసాద్ ఫోను. ఆఫీసు ఆయనదే. విజయవాడ నుంచి వచ్చి నాలుగేళ్ళయింది, మాట మర్యాదగానే ఉంటుంది.

"కోకిల గారూ, ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఆ కూతురు దొరకలా సార్. పేరు లేదు, పెండ్లి లేదు, చచ్చింది లేదు."

"ఆయన అడిగింది ఒక్క గీతండీ. ఆ కూతురి కింద ఒక గీత గీసి, వాళ్ళ ముత్తవ్వకు కలిపేయండి. ఐదువందల ఏళ్ళ కిందటి సంగతి, ఎవరొచ్చి చూస్తారు?"

"తెలీనిది ఎట్ల కలిపేది సార్?"

"మీకు తెలీదు కాబట్టే కలపమంటున్నా. కాదని కూడా మీరు చెప్పలేరుగా?"

ఆ మాటకు కోకిలకు ఒళ్ళు మండింది. రోజంతా మండుతూనే ఉంది. ఆ ప్రభువు వీలునామా మళ్ళీ తీసింది. కూతురి ఊసు లేదు. అన్నలది తీసింది. లేదు. బాబాయిది. తన డేగను ఎవరికివ్వాలో అరపేజీ రాశాడు గానీ, అన్న కూతురి పేరు రాయలేదు.

ఏడవుతుండగానే లేచిపోదామనుకుంది. కానీ లండన్‌లో మధ్యాహ్నమైతే మనకు సాయంత్రం. అక్కడి దస్తావేజుల ఆఫీసు నుంచి రావలసిన ఫోటోలు వచ్చేది ఆ వేళకే. అవి దిగుతున్నాయి... తొంభై శాతం... తొంభై రెండు...

షట్టరు పడింది. ఆమె గబగబా సంచీ సర్దుకుంటోంది.

"నాయన రాయడు..."

సంచీ చేతిలోనే ఉండిపోయింది.

"నాయన రాయడు తల్లీ... అన్నదమ్ములు రాయరు..." ఊపిరి ఆగింది. ఏదో గీరుకున్న చప్పుడు. మళ్ళీ ఊపిరి. "అమ్మమ్మ... రాసుంటాది."

ఈసారి కోకిల ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పరిగెత్తింది. చార్జరు పైనే ఉండిపోయింది. మొదటి అంతస్తు మలుపులో, వేలు పక్కనే మెట్టు మీద కూలబడింది. పది నిమిషాలయినా, ఆ మాట మాత్రం చెవిలో అట్లాగే నిలిచి ఉంది.

అమ్మమ్మ.

ఆ కూతురిని కన్న మార్గరెట్ తల్లి కోసం ఆమె వెతకలేదా? వెతికింది. ఆ ముసలమ్మ పేరు మీద ఏమీ దొరక్క వదిలేసింది. మొగుడు పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటే? ఆయనా పోయి, మూడోసారి చేసుకుని ఉంటే? పేరు మారిపోదూ? మెట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. వేలు దోమలు తోలుతూ కూర్చున్నాడు. ఎనిమిదింటికి దొరికింది... మూడో మొగుడి ఇంటి పేరు మీద, ఒక విధవరాలి వీలునామా. ఫోటో పంపమని లండన్‌కు రాసి ఇంటికి పోయింది.

గురువారం సాయంత్రం ఆరున్నరకు ఫోటో వచ్చింది. చదవడానికి ఆమె పైగదికి పోలేదు, ఆ మెట్టు మీదే కూర్చుంది.

"నా కూతురు మార్గరెట్ కన్న ఎలినార్‌కు... నా నల్ల గౌను, ఆరు వెండి చెంచాలు..."

"ఎలినార్!" కోకిల అరిచిన అరుపుకు వేలు ఉలిక్కిపడ్డాడు. "వేలూ, పేరు ఎలినార్!"

పదకొండు వారాలు! ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. పేజీ కిందికి జరిపింది. రెండేళ్ళ తర్వాత అదే ముసలమ్మ అదనంగా రాయించిన నాలుగు పంక్తులున్నాయి.

ఎలినార్ తన తొమ్మిదో ఏట దేవుడి దగ్గరికి పోయింది గనక, ఆ చెంచాలు చర్చికి ఇచ్చేయండి.

కోకిల ఆ పంక్తులు ఇంకోసారి చదివింది. తొమ్మిదేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. కెనడా పెద్దాయన ముత్తవ్వకూ ఈ పిల్లకూ ఏ సంబంధమూ లేదు. కాదని చెప్పలేరుగా అన్నాడు గురుప్రసాద్. ఇప్పుడు చెప్పగలదు.

చెప్పింది. దొరికినదంతా ఉన్నదున్నట్టు రాసి, ఆ వీలునామా ఫోటో జోడించి నేరుగా ఆయనకే పంపింది. పావుగంటలో జవాబు. "మీ శ్రమకు ధన్యవాదాలు. వేరే కంపెనీని అడుగుతాను."

ఆ వెంటనే గురుప్రసాద్ ఫోను. "ఎవరినడిగి పంపారండీ? ఒక్క గీత! ఒక్క గీత గీయలేకపోయారు! సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

ఫోను పెట్టేశాడు. కింద షట్టరు దించారు. కోకిల లేచింది.

"అక్కా, పైకి వద్దు," అన్నాడు వేలు.

"నా చార్జరు ఆడుండాది. నా డబ్బా ఆడుండాది. ఇంకేం చేస్తుందంట నన్ను?"

ఆ కోపంలో భయం ఎటు పోయిందో పోయింది. గదిలోకి పోయి లైటు వేసింది. చార్జరు పీకింది. టిఫిను డబ్బా తీసుకుంది. గుమ్మం దాకా వచ్చి... ఆగింది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా పోవడం బాగాలేదనిపించింది.

గోడవైపు తిరిగింది. ఆ గోడలో పాత చెక్క అలమార, దాన్నిండా ఫైళ్ళు.

"ఎలినార్," అంది. "ఆ పిల్ల పేరు ఎలినార్. తొమ్మిదేండ్లకే పోయింది. అమ్మమ్మే రాసింది."

తర్వాత... గీరుకున్న చప్పుడు. అలమారలో మధ్య అరలో ఒక ఫైలు ముందుకు జరిగింది. ఇంకోటి జరిగింది. రెండూ దబ్బున కిందపడ్డాయి. వాటి వెనక చెక్క పక్కకు తొలిగి, ఆ నల్లటి సందులోంచి నాలుగు వేళ్ళు... సన్నగా, ముడతలు పడి... బయటికొచ్చాయి.

కోకిల కెవ్వున కేక పెట్టింది.

"యారు? యారు అంగే?" ఎవరక్కడ అని అరవంలో, గోడకు అవతల ఇంకో ఆడగొంతు, అదీ అదిరిపోయి. టపటపా అడుగులు. లైటు వెలిగింది. ఆ సందులోంచి ఇటు పసుపు వెలుతురు పడింది.

అవతల ఒక గది. గోడకానుకుని ఒక మంచం. మంచం మీద ఒక ముసలామె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని. వెనక చేతిసంచీతో నిలబడిన నడివయసు ఆడమనిషి ఆమె కోడలు రంజని. పనినుంచి అప్పుడే వచ్చినట్టుంది.

అరవమూ తెలుగూ కలిపి రంజనే చెప్పింది. అటూ ఇటూ ఒకటే ఇల్లు. అన్నదమ్ములు పంచుకుని, మధ్య గుమ్మానికి అలమార దిగ్గొట్టి మూసేశారు. వీళ్ళ వాకిలి వెనక సందులోకి. ఈమె మా అత్త హైమవతి. రెండేళ్ళ కిందట గొంతుకు ఆపరేషనయింది, అప్పటినుంచి మాట రాదు, ఊపిరితోనే. నేను ఏడున్నరకు గాని రాను, అప్పటిదాకా ఒక్కతే...

హైమవతమ్మ ఆ మాటలేవీ వినడం లేదు. సందులోంచి చెయ్యి చాపి, తడుముకుంటూ కోకిల మణికట్టు పట్టుకుంది. నాడి చూసినట్టు గట్టిగా పట్టుకుంది.

"యెచ్చగా ఉండావే..." అంది, కళ్ళు పెద్దవి చేసి. "ఆ పక్క ఇల్లు పాడుబడి ఇరవై ఏండ్లాయె. పొద్దుగూకితే చాలు, ఎవరో చచ్చినోళ్ళ పేర్లు చదవతాంటారు. మనిషనుకోలా తల్లీ. దెయ్యమనుకుంటి."

కోకిల చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"దెయ్యమైతే యేముండాది, తెలుగు మాట్లాడతాది గదా... అని పలకరిస్తి." ముసలామె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ముందొచ్చినవి రెండూ పలకరిస్తే పారిపాయినాయి. నువ్వొక్కదానివే... మళ్ళీ వచ్చినావు."