రాకాసి గుడి పక్కన నిలబడ్డ మనిషి

వెంకటనారాయణ అన్న పేరు వింటేనే ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండిపోయేది.

జీపు మాది. డీజిలు మాది. సత్తుపల్లి నుంచి గుండాల అడవి దాకా గుంతల్లో నడుం విరగ్గొట్టుకుంటూ నడిపింది నేను. నా పక్క సీట్లో దర్జాగా కూర్చున్నది మాత్రం ఆయన!

నిర్మల మా మేనమామ కూతురు. ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. వెంకటనారాయణ ఆమె సీనియర్. అడవిలో వేల ఏళ్లనాటి సమాధులు కొలవాలట, ఇద్దరూ కలిసి! పైగా మామయ్య పెళ్లి మాట ఎత్తితే "అడవి నుంచి వచ్చినంక పేరు చెప్త" అందట. ఎవరి పేరో ఊహించుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఆ సమాధుల్ని అక్కడివాళ్లు రాకాసి గుళ్లంటారు. నిలువు బండల గది, పైన పెద్ద కప్పు బండ. రాళ్లు పేర్చిన సన్నటి దారి చివర, మనిషి పాకి దూరేంత గుండ్రటి కన్నం.

"నారాయణగారూ, బండ పక్కన నిలబడండి. కొంచెం ఇటు... అవ్, గట్లనే. కదలొద్దు!"

క్లిక్.

మొదటి గుడి దగ్గర ఆయనే. ఆరో గుడి దగ్గరా ఆయనే.

"నీ కెమెరాకి మేం ఆనమా?" అన్నాను.

"గొడుగు సరిగ్గ పట్టు బావా. లెన్సు మీద చినుకులు పడుతున్నయ్."

గొడుగు! బావని పట్టుకుని గొడుగు పట్టమంటుందా!

ఆఖరి గుడిలోకి పాకబోతున్న వెంకటనారాయణ చేతిలోంచి టేపు లాక్కున్నాను. "ఈసారి నేను పోతా."

"బావా, కన్నం చిన్నగుంది. నువ్వు పట్టవ్."

"ఆయన పట్టగాలేంది నేను పట్టనా?"

తల పట్టింది. భుజాలు పట్టాయి. మా అమ్మ నెయ్యి పోసి పెంచిన పొట్ట పట్టలేదు. ముందుకు పోను, వెనక్కి రాను.

దారి చూపడానికి వచ్చిన ముసలాయన పగిడయ్య బయట పకపకా నవ్వాడు. "అడగకుండ దూరితె లోపలోళ్లు గిట్లనే పట్టుకుంటరు బాబూ. మనసుల ఉన్నది చెప్తె ఇడుస్తరు."

లోపల చీకటి. ఆమె మొహం కనబడదు. అదే నాకు ధైర్యం.

"నిర్మలా! నువ్వంటే నాకు ప్రాణం! మామయ్యకి ఆయన పేరు చెప్పొద్దు!"

ఊపిరంతా ఆ కేకలోనే పోయి పొట్ట లోపలికి దిగింది. కాళ్లు పట్టి ఒక్క గుంజు గుంజారు. బురదతో బయటపడ్డాను. వెంకటనారాయణ మొహం ఎర్రబడింది. పగిడయ్యని తీసుకుని జీపు వైపు వెళ్లిపోయాడు.

నిర్మల చేతిరుమాలు ఇచ్చింది.

"పిచ్చి బావా! బండ ఎంత ఎత్తుందో తెలవాలంటే ఫోటోల పక్కన మనిషి ఉండాలె. ఆయన స్కేలు లెక్క, అంతే."

"ఆ స్కేలు నేనెందుకు కాకూడదు?"

ఆమె గొడుగు తీసుకుని నా మీదికి వంచింది.

"పోయిన ఎండాకాలం మనిద్దరం ఇక్కడికి వచ్చినం కదా. రీలు కడిగిస్తే పన్నెండు ఫోటోలల్ల నువ్వే. బానెట్ మీద కూసున్న నువ్వు, టీ ఊదుకుంటున్న నువ్వు. గుడి ఒక్కటి లేదు! మా సార్ తిట్టి, ఈయన్ని తోడు పంపిండు."

మొహం మీది బురద తుడుచుకుంటూ అడిగాను. "మరి మామయ్యకి ఏం చెప్తావ్?"

"చెప్పుడెందుకు? ఆ పన్నెండు ఫోటోలు నాయన చేతిల పెడ్త."